రెండు కుడికాళ్ల చెప్పులు

ఆ వారం సండే స్కూల్లో పాఠం నాదే.
అందరిచేతా "సాత్వికం" అని రాయించాను.
త కింద వ వత్తు మరిచిపోయిన నిస్సీకి
వేళ్ల మీద స్కేలుతో ఒక్కటిచ్చి
మళ్లీ రాయమన్నాను.

ఆరాధన ముగిసి బయటికొస్తే
మెట్ల మీద నా చెప్పు ఒక్కటే ఉంది,
కుడికాలిది.
దాని పక్కన దిక్కులేనట్టు ఇంకొకటి,
దానియేలుగారిది. అదీ కుడికాలిదే.

జనరల్ బజార్లో గంటసేపు బేరమాడి కొన్నవి,
నెల కూడా కాలేదు.
నోటికొచ్చినవన్నీ అన్నాను.
గేటుకి కెమెరా ఎందుకు పెట్టించరని
కమిటీ వాళ్ల మీద లేచాను.
కానుకల సంచి ఇంకా నా చేతిలోనే ఉంది.

ఏసుపాదం
గంట తాడు చుట్టి మేకుకి తగిలించి వచ్చి
ఆ రెండు చెప్పుల ముందు కూచున్నాడు,
రోగి మంచం పక్కన కూచున్నట్టు.
"రెండూ ఎడమయే వట్కపోయిండమ్మా.
ఇగ పోరడు నడుస్తడెట్ల?"

కోపంలోనే నవ్వొచ్చింది నాకు.
దొంగ నడక గురించి దిగులుపడే మనిషిని
మెట్టుగూడ మొత్తంలో ఇతన్నొక్కణ్ణే చూశాను.
"అయితే చూశావా వాణ్ణి?"
"సూసిన. ఈడ్నే ఉన్న."
"మరి పట్టుకోలేదేం?"
తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.
"ముప్పై ఏండ్లు తాడు గుంజిన చేతులమ్మా.
వట్టుకుంటే గట్టిగ వడ్తది."

సోమవారం సాయంత్రం
పేపర్లో చుట్టిన చెప్పులు చంకలో పెట్టుకుని
అతను బయల్దేరితే నేనూ వెళ్లాను.
దయతో కాదు.
దొంగ మొహం చూడాలని, నాలుగు అడగాలని.

ఒలిఫెంటా బ్రిడ్జి దగ్గర
వాన నీళ్లు ఇంకా తియ్యలేదు.
ఖాళీ సీసాలు ఏరుతున్నాడు వాడు.
పదేళ్లుంటాయేమో.
ఒక కాలికి నాది, ఒక కాలికి దానియేలుగారిది,
కుడిపాదం వేళ్లు అంచు దాటి నేలని తాకుతున్నాయి.
మమ్మల్ని చూసి లేచాడు గానీ
రెండు ఎడమలతో పరుగెత్తడం రాలేదు వాడికి.

ఏసుపాదం అక్కడే ఆగిపోయాడు,
పిట్టని చూసి ఆగినట్టు.
ఫుట్‌పాత్ మీద గొంతుక్కూచుని పేపరు విప్పాడు.
నడుముకున్న తువ్వాలు తీసి
రెండు చెప్పులూ తుడిచాడు, అడుగులతో సహా.
మడమల వైపు వాడికేసి తిప్పి పెట్టాడు,
వచ్చినవాడు వచ్చినట్టే కాలు దూర్చేలా.

"పదమ్మా."
"తీసుకుంటాడో లేదో చూద్దాం" అన్నాను.
"ఎనక్కి సూడకు.
ఇచ్చినోళ్లు సూస్తాంటే ఏస్కోబుద్ధి గాదు."

నడిచాం.
నా మెడ నా మాట వినడానికి చాలా తిప్పలు పడింది.
చెవులైనా పనికొస్తాయనుకుంటే
అప్పుడే పైనుంచి రైలు పోయింది,
కాజీపేట వైపు, బోగీ తర్వాత బోగీ,
అది పోయేసరికి మేం మలుపు తిరిగేశాం.
ఏమయిందో నాకు తెలీదు.
అడుగుదామనుకుంటే ఏసుపాదం
ఛాయ్ తాగుదామా అన్నాడు.

కొత్త చెప్పులు కొన్నాను.
తరవాతి ఆదివారం కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నప్పుడు
చెవులు మెట్ల దగ్గరే ఉన్నాయి, అబద్ధమెందుకు.
దానియేలుగారు తన ఎడమకాలి చెప్పు గురించి
ఇంకా అడుగుతూనే ఉన్నారు,
కుడిది కూడా లేదని ఎవరూ చెప్పలేదు.

ఆ ఉదయమే
నిస్సి మళ్లీ వ వత్తు మరిచిపోయింది.
నేను కదలగానే
ఆ పిల్ల చెయ్యి బల్ల కిందికి పోయింది.
ఎన్ని వారాల్నుంచి అలా పోతోందో,
నేను చూసిందే లేదు.

స్కేలు నా చేతిలోనే ఉంది.
పక్కన కూచుని
దాంతో ఆమె కాగితం మీద ఒక గీత గీశాను,
వత్తు కూచోడానికి.
చెయ్యి పైకి రావడానికి కాస్త సేపు పట్టింది.