మిరప టిక్కీల మధ్య చలికాలం

పెద్దాసుపత్రికి ట్రైనింగుకొచ్చిన నర్సు
గెమ్మెలి నీలమ్మ, చింతపల్లి అవతల ఊరు,
నల్లపాడు రోడ్డులో నా నర్సరీ ముందు ఆటో ఆపించి
కూర్చోకుండానే అడిగింది:
"మా కొండమీద చలికి తినే ద్రాక్ష ఏది బతుకుద్ది?"

నవ్వబోయి ఆగాను.
గుంటూరులో కూర్చుని చలికి తీగ చెప్పడమంటే
ఈత రానివాడు పడవ బేరమాడినట్టే.
ఇక్కడ మే నెలలో నీళ్ల పైపు ముట్టుకుంటే
వేలు బొబ్బెక్కుద్ది.

మా నాన్న దూది ఏకేవాడు.
చలి ఎరగని ఊళ్లో నలభై ఏళ్లు రజాయిలు కుట్టాడు.
విల్లు మీటితే గదంతా తెల్లగా లేచేది,
ఆ తెలుపులోంచి దగ్గుతూ అనేవాడు:
"ఎక్కడో ఎవరికో చలేస్తానే ఉంటది, మీరాబీ.
మనకెయ్యట్లేదని కొలత తగ్గించకూడదు."

"రేపు రా" అన్నాను నీలమ్మతో.

ఆ రాత్రి తమ్ముడు సుభానీ పనిచేసే
కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను.
వాడి కోటు నాకు మోకాళ్ల దాకా.
వెనకాల తలుపు పడింది.
టిక్కీ మీద టిక్కీ, కప్పు దాకా,
నిద్రపోతున్న ఘాటు.
గోడమీద ముల్లు ఆరు దగ్గర.
అయిదు నిమిషాలకి ముక్కు నాది కాదు.
పది నిమిషాలకి వేళ్లు ఒకదాన్నొకటి మర్చిపోయాయి.
తుమ్మాను. నోట్లోంచి పొగ వచ్చింది,
నలభై ఆరేళ్లకి మొదటిసారి.

అక్కడ నిలబడే ఒక్కో రకాన్నీ పిలిచాను,
కోతకి మనుషుల్ని ఎంచినట్టు.

అనాబెషాహీ, రా. పెద్ద గుత్తి, పెద్ద గింజ, పెద్ద పేరు.
కానీ నువ్వు నిదానం తల్లీ.
నువ్వు పండేసరికి కొండమీద వాన దిగుద్ది,
ఆకు వెనక తెల్లబూజు పట్టుద్ది.
థామ్సన్, నీ తోలు మరీ సున్నితం,
పొగమంచుతో నీకు పడదు.
పెర్లెట్, నీకు తొందరెక్కువ. అదే కావాలి నాకు.
గుత్తి మాత్రం ఇరుకు బస్సు,
ఒక్క గింజ కుళ్లితే పక్కనోళ్లని లాగుద్ది.
పిందెప్పుడే మధ్యలో ఏరమని చెప్తాను.
బెంగుళూరు బ్లూ, నువ్వు నల్లదానివి, గింజలదానివి,
నిన్ను రసానికే తప్ప పళ్లెంలో పెట్టరు.
నోట్లో వేసుకుంటే చొక్కా విప్పినట్టు తోలు జారిపోద్ది.
మొండిదానివి. నువ్వూ వెళ్లు.

పొద్దున నీలమ్మకి చెప్పాను:
"తీపి అడగమాక మొదట. వానకంటే ముందు
ఎవరు పండుతారో అది అడుగు."
"మరి మీ ఇంట్లో ఉందా తీగ?" అంది.

ఉంది. ఇరవై రెండేళ్లుగా, నీళ్ల తొట్టి పక్కన.
ఒక్కరోజూ నిద్రపోలేదు అది.
ఇక్కడ చలి రాదు కాబట్టి
వేసవిలో ఒకసారి, దసరా దాటాక ఇంకోసారి
నేనే కత్తెర పట్టుకుని
దాని ఒళ్లంతా ఖాళీ చేస్తాను.
మా ఊరి చలికాలం తుప్పు పట్టకుండా
నూనె గుడ్డలో చుట్టి ఉంటుంది.

సుభానీని బతిమాలి
అయిదు కొమ్మముక్కలు, మూడు నల్లవి, రెండు తెల్లవి,
నాన్న మిగిల్చిన దూదిలో తడిపి చుట్టి
తేజా టిక్కీల సందులో నెల రోజులు పడుకోబెట్టాను.
రైలెక్కేటప్పుడు నీలమ్మ వాసన చూసి
అనకాపల్లి దాకా తుమ్మిందట.

మళ్లీ పుష్యమాసంలో ఫోన్లో ఫొటో వచ్చింది.
పందిరి మీద ఒక్క ఆకు లేదు.
వెనకాల పొగమంచు, ఒక కోడి, బడి గోడ.
గుండె జారి ఫోన్ చేశాను. "ఎండిపోయిందా?"
"లేదక్కా. గీరి చూశా, లోపల పచ్చగానే ఉంది.
పడుకుంది."

కత్తెర తగలకుండా
తనంతట తాను ఆకు విడిచిన తీగ.
చాలాసేపు చూశాను.
తర్వాత ఫోన్‌ని
చప్పుడు కాకుండా బల్లమీద పెట్టాను.