తంబుచెట్టి వీధిలో ఒక అఫిడవిట్

తంబుచెట్టి వీధిలో, మెట్ల కింద,
జెరాక్స్ మిషనుకీ కరెంటు మీటరుకీ నడుమ
నా టైపు బల్ల.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఊరందరి ప్రమాణాలూ
పేజీకి ఇరవై రూపాయల లెక్కన
నేనే చేస్తున్నాను.

పొద్దున్నుంచీ ఓడిపోయిన ఒకాయన పిటిషను.
నూట పన్నెండు ఓట్ల తేడా.
ఫలితం వచ్చిన నలభై అయిదు రోజుల్లో వేయాలి,
ఒక్క రోజు దాటినా తలుపు తెరుచుకోదు.
వేశాక మాత్రం ఎవరికీ తొందర లేదు.
పోయినసారి ఇలాంటిదే కొట్టాను:
గెలిచినాయన అయిదేళ్లూ కుర్చీ అరగదీసి లేచాక
తీర్పొచ్చింది,
ఇక తేల్చడానికి ఏమీ మిగల్లేదని.
చేతులు కాలాక ఆకులంటారే,
ఇక్కడ ఆ ఆకులకి కూడా
సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవాలి.

మధ్యాహ్నం భాగ్యమ్మ వచ్చింది.
కార్పొరేషనులో వీధులూడ్చి రిటైరైన మనిషి.
సంచిలో టిఫిన్ డబ్బా,
డబ్బాలో, వానకి తడవకుండా, కాగితాలు.
తీస్తుంటే నిమ్మకాయ పచ్చడి వాసన.

ఓటేరి కాలవ గట్టున పుట్టింది.
గట్టు అందంగా ఉండాలని సర్కారు అనుకున్న ఏడాది
సామాన్లతో సహా లారీ ఎక్కించి
పెరుంబాక్కంలో దించారు.
ఏడో అంతస్తు.
లిఫ్టు చెడిందని అంటించిన కాగితం
పసుపుపచ్చగా అయి, దానంతటదే రాలిపోయింది.
ఇప్పుడు పాత చోట, జాబితాలో,
ఆమె పేరు మీద గీత. పక్కన కారణం:
ఇల్లు మారారు.

"నేను మార్లేదు తల్లీ, నన్ను మార్చినారు.
అట్లనే కొట్టు."

కొడితే లాయరు కొట్టేస్తాడు.
అవతల పెద్ద కోర్టుల్లో పెద్దవాళ్ల వాదన
ఇంకా నడుస్తూనే ఉంది:
పేరు తీసినవాడు ఎందుకు తీశాడో చెప్పాలా,
పోయిన పేరు తానెందుకు ఉండాలో చెప్పుకోవాలా.
వాయిదా పడింది.
భోజనాల వేళ గుమాస్తాలు కూడా అదే మాట్లాడుకుంటూ
పెరుగన్నం పొట్లాలు విప్పుతున్నారు.

కొత్త చోట ఫారం పెట్టింది.
పేరు సరిపోలేదన్నారు.
తమిళంలో భకి వేరే అక్షరం లేదు, గకి లేదు.
రేషను కార్డులో పాక్కియం,
పెన్షను పుస్తకంలో పాక్యమ్మాళ్,
తెలుగు బడి టీసీలో భాగ్యమ్మ,
ఆస్పత్రి చీటీలో ఎవరో తొందరలో పాప అని రాశారు.
వాళ్ల నాన్న గంగన్న
ఒకచోట కంకన్న, ఒకచోట ఏకంగా కన్నన్,
కృష్ణపరమాత్ముడు.
ఒక్క ఓటు కోసం నలుగురు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు,
నలుగురూ ఈవిడే.

*పైన పేర్కొన్న పేర్లన్నీ ఒకే వ్యక్తివని...*
ఈ వాక్యం నా వేళ్లు నన్నడక్కుండా కొట్టేస్తాయి.
ఈసారి "ఒకే" దగ్గర ఆగాయి.

"ఇంతా చేసి ఎవరికేస్తావు?" అన్నాను.
"నేనేసినోడు ఎప్పుడు గెలిచినాడు?
ఓడేవాళ్ల లెక్కలో ఉండాలన్నా
పేరుండాలి గదా."
నా బల్ల మీద ఆ నూట పన్నెండు ఇంకా తడారలేదు.
ఏమీ అనలేదు నేను.

రెండు పేజీలు. నలభై అన్నాను.
ముప్పై ఇచ్చింది. తీసుకున్నాను.

నోటరీ కళ్లజోడు పైకి తోసి
సంతకం కార్డులో ఉన్నట్టే ఉండాలన్నాడు.
ఏ కార్డులో, అని అడిగింది భాగ్యమ్మ.
అతను టీ తాగడంలో పడ్డాడు.

తెలుగులోనే పెట్టింది.
ఎన్నేళ్లయిందో రాసి, అక్షరం అక్షరానికీ ఊపిరి తీసుకుంటూ.
మ్మ దాకా వెళ్లి, పెన్ను ఎత్తి,
ఏదో మర్చిపోయినట్టు మొదటికి తిరిగొచ్చి
భ కింద ఆ చిన్న గీత గీసింది.

సీలు సరిగ్గా దాని మీదే పడింది.
ఊదారంగు కింద గీత ఉందో లేదోనని
కాగితాన్ని వీధి వెలుతురుకి ఎత్తి
ఇద్దరం చూస్తున్నాం.