గుల్ల చప్పుడు

ఛాతీ ఆసుపత్రి, మూడో వార్డు.
కిటికీలోంచి చినవాల్తేరు ఉప్పుగాలి.
మా నాన్న పల్లపు ఎర్రెయ్య
మంచం మీద గొంతుక్కూర్చుని
ఊపిరిని కొంచెం కొంచెంగా తీసుకుంటున్నాడు,
తీర్చలేని అప్పు అడుగుతున్నట్టు.

పొద్దుపోక, ద్వారకానగర్ లైబ్రరీ పుస్తకంలో
ఒక బొమ్మ చూపించాను.
ఈజిప్టు. అస్వాన్ దగ్గర రాతి క్వారీ.
కొండలోంచి పూర్తిగా లేవని ఒక స్తంభం,
పక్కలన్నీ చెక్కారు గాని
వీపు మాత్రం తల్లిరాయిని వదల్లేదు.
"మూడున్నర వేల ఏళ్ళయింది నాన్నా."

ఆయనకి ఏళ్ళతో పని లేదు.
"ఎన్ని మూరలు?"
"వాళ్ళ మూరల్లో ఎనభై.
మన మూర మీద నాలుగేళ్ళు ఎక్కువట అది."
"రాజుగారి మూర గదేటే పైడీ,
అలాగే ఉంటాది."

ఉలి సంగతి అడిగాడు.
రాగి ఉలి, ఈ రాయి మీద నిలవదు,
అందుకని నల్లరాతి గుండు రెండు చేతులా పట్టుకుని
వరసగా కూర్చుని దంచారని చదివాను.
ఎవరి జాగా ఎంతో
ఎర్ర గీత గీసి చూపేవారని కూడా.
"జాజా?"
పుస్తకం లాక్కున్నాడు.

ఆనందపురం క్వారీలో మా అమ్మ
జాజునీళ్ళలో తాడు ముంచి
బండ మీద బిగలాగి వదిలేది, టప్‌మని.
ఆమె చీర కుచ్చిళ్ళ మీద ఆ చుక్కలు
ఎన్ని ఉతుకులకీ పోలేదు.
చీర పోయింది ముందు.

"కర్రసీలలు దిగ్గొట్టి, తడిపి సీల్చుంటారు."
"కొందరు అవునంటున్నారు, కొందరు కాదంటున్నారు."
"సేసినోడు రాయనేదన్నమాట. కూలి?"
"రొట్టె, బీరు."
నవ్వాడు. నవ్వు దగ్గయింది,
దగ్గు చాలాసేపు నవ్వలేదు.
"మనకి రొట్టె ఒక్కటే తక్కువ."

అప్పుడు కనబడింది ఆయనకి
స్తంభం నడుమున పాకిన బీట.
గోటితో దాని వెంట నడిచాడు,
కాగితం మీద, నెమ్మదిగా, ఇటు చివరి నుంచి అటు చివరికి.
"దీనివల్లే వదిలేశారు" అన్నాను.
"ఇది ఒక్కపూట వొచ్చింది కాదు.
ముందే ఇన్నోడు ఒకడుంటాడు."
"మరి చెప్పలేదా?"

ఆక్సిజన్ సీసాలో నీళ్ళు బుడబుడమన్నాయి.
పక్క మంచం ఆయన రేడియో కట్టేశాడు.

"సెప్తే పని ఆగిపోతాది.
మన కొండ కూడా పలికింది, ఆ ఆషాఢంలో.
సమ్మెట ఏస్తే గంటలా మోగాల,
కుండలా మోగింది. గుల్ల.
రెండ్రోజులు ఆగేను.
మూడోనాడు శనివారం, కూలి రోజు."

శనివారం ఊర్సు గవిరయ్య కాలు పోయింది.
కొండ జారిందనే మేము వింటూ పెరిగాం.
ఆ బండలే లారీలెక్కి వచ్చి
సముద్రం కొట్టకుండా ఒడ్డున కూర్చున్నాయంటారు.
సాయంత్రాలు వాటి మీదే జనం
మురీ మిక్చరు తింటారు. నేనూ తిన్నాను.

నేనేమీ అనలేకపోయాను.
అనడానికి ఒక మాట వెతుకుతుండగానే
కుర్ర డాక్టరు వచ్చాడు.
ఎడమ చెయ్యి నాన్న వీపు మీద పరిచి
కుడిచేతి వేలితో కొట్టాడు.
పైన. కింద. మళ్ళీ కింద, అదే చోట.
నాన్న కళ్ళు మూసుకుని
తనూ చెవి ఒగ్గాడు, కొండకి ఒగ్గినట్టే.

"ఎలా పలికింది బాబూ?"
"ఫర్లేదు తాతా" అని
చీటీ మీద ఏదో గీసి వెళ్ళిపోయాడు.

నాన్న నా వైపు తిరిగాడు.
"ఇన్నాడు" అన్నాడు.
కోపం లేదు ఆ గొంతులో,
పాత పనివాణ్ణి గుర్తుపట్టినట్టుంది.
తర్వాత పేజీ తిప్పమన్నాడు.