దండెం తాడు

నెట్స్‌కు అడ్డంగా, బ్యాట్స్‌మన్ కంటికి జానెడు పైన
దండెం తాడు కట్టిన.
మా ఇంటి మేడమీదిదే. ఇంకాసేపట్ల సువర్ణ వెతుకుతది,
తడిబట్టల బకెట్ చంకన పెట్టుకొని నా పేరు తలుస్తది.
తలవనీ.

బంతి ఈ తాడు మీంచి పోవాలె,
పోయి, అవతల చటుక్కున దిగాలె.
ఇయ్యాల్టి పాఠం ఇంతే.
పదకొండు మంది పిల్లలు, ఆరు బంతులు,
అందుల రెండు కుట్లూడినయి.

ఎవరికి పరిచయం చేసినా "సార్ రంజీ ఆడిండు" అంటరు.
"ఇండియాకు?" అంటడు అవతలి మనిషి.
లేదంటే, చిన్నగ ఒక "ఓ".
ఆ "ఓ"ల నా పదమూడేండ్లు పడతయి.
ముప్పై నాలుగు మ్యాచులు, తొంభై ఏడు వికెట్లు.
నూరుకు మూడెందుకు తక్కువో నాకు తెలుసు:
ఒకటి స్లిప్‌ల ధనరాజ్ చేతులకెల్లి జారింది.
ఒకటి, అంపైర్ తుమ్మిండు.
నమ్మకపోతే పొండ్రి, నిజంగనే తుమ్మిండు.
మూడోది మిడిల్ స్టంప్ మీద పడి తిరిగింది,
బ్యాట్‌ను తప్పించుకుంది, ఆఫ్ స్టంప్‌ను తప్పించుకుంది,
కీపర్ గ్లవ్స్‌ను గూడ తప్పించుకోబోయి ఆగింది.
నా బతుకుల నేనేసిన మంచి బంతి అదే.
స్కోరుబుక్కుల ఒక చుక్క.

పుర్రచెయ్యి నాది.
అన్నం కాడ అమ్మ కొట్టిన చెయ్యి,
లాలాగూడ క్వార్టర్లల్ల గోడలకు బంతులేసి తిట్లు తిన్న చెయ్యి.
తర్వాత అదే రైల్వేల కొలువు తెచ్చింది.
మ్యాటింగుకు మేకులు కొట్టే పోచయ్య
బీడీ ఆర్పి ఒక్కసారే చెప్పిండు:
"బంతిని ఇడ్సిపెట్టకు బిడ్డా, సాగనంపు."
ఆడపిల్లను సాగనంపినట్టు, వాకిలి దాకా, ఇంకో రెండడుగులు.

ఆ సాగనంపుడు మీదనే ఏడేండ్లు బతికిన.
ఎనిమిదో ఏడు కొత్త కోచ్ వచ్చిండు,
"గాలిల టైం ఖరాబ్ చేస్తున్నవు, జోరుగ ఎయ్యి" అన్నడు.
ఏసిన. పరుగులు ఆగినయి.
వికెట్లు గూడ ఆగినయి.
మళ్ల మెల్లగ ఎయ్యాలని చూస్తే
ఖాళీ చేసిన ఇంటి తలుపు కొట్టినట్టుండె.

జింఖానా నోటీసు బోర్డు మీద ఆ ఏటి లిస్టు
రెండుసార్లు చదివిన, అచ్చుతప్పేమో అని.
క్లాక్ టవర్ కాడ చాయ్ తాగి ఇంటికొచ్చిన.
సువర్ణ ఏమీ అడగలె. గోకరకాయ కూర చేసింది.

చూపుడువేలు కణుపు పక్కన కాయ కాసి ఉండేది,
చెప్పు అట్టంత గట్టిది.
మొన్న చాయ్ గ్లాసు పట్టుకుంటే చురుక్కుమంది.
ఎన్నేండ్లకో.
గ్లాసు కింద పెట్టి చాలాసేపు వేలు చూసుకుంట కూసున్న.

ఇగో, ముబీనా వచ్చింది. మెట్టుగూడ పిల్ల, పన్నెండేండ్లు.
ఎగిరే ముందు తల పక్కకు వాలుస్తది,
ఎవరో పిలిచినట్టు.
పక్క నెట్స్ కోచ్ అంటడు, "ఆ తల సరిచెయ్యి అన్నా, లేకుంటే పనికిరాదు."
నిజమే కావచ్చు.
నోరు తెరిచిన. వేలు గూడ లేపిన.
లేపిన వేలుతోని చెవి గోక్కున్న.

మొదటి బంతి తాడుకు తాకి చచ్చి పడ్డది.
రెండోది గూడ.
మూడోది తాడు మీంచి పోయింది,
ఒక్క గడియ, కాకి ఆలోచించినట్టు, పైన్నే ఆగింది.
దిగింది.
ప్యాడ్లు కట్టుకున్న పొడుగు పోరడు ముందుకొచ్చి ఎత్తి కొట్టిండు.
గోడ అవతల, ఆటో టాపు మీద, ధన్.
"సారీ సర్" అన్నది ముబీనా.
"ఎందుకు సారీ? మల్ల అట్లనే ఎయ్యి."
"మల్ల కొడ్తడు సర్."
"కొట్టనీ."

ఇగ ఐదు బంతులు.
జేబుల ఫోను మోగుతున్నది, సువర్ణ.
ఎత్తలె. ముబీనా తల వాల్చింది.