ఒకే గడియారం

మామిడి సొన వాసనతో వచ్చినాడు మొగిలప్ప
చిత్తూరు పెద్దాసుపత్రికి, రాత్రి పదకొండున్నరకు,
దామలచెరువు మండీ నుంచి నేరుగా.
భుజం మీద పద్నాలుగు నెలల పాప.

నేను చూసినా. పదిహేను సెకండ్లు లెక్కబెట్టి
నాలుగుతో గుణించినా.
ఏడ్చే బిడ్డకు ఊపిరి ఉన్నట్టే కదా,
పచ్చ చీటీ. కూర్చోండి, పిలుస్తాం.

టీ తాగి వచ్చిన ఎస్తేరక్క
నా చీటీ చూడకనే
పసుపు రాసిచ్చింది.

మొగిలప్ప రెండు చీటీలూ ట్యూబులైటు కింద
తిప్పి తిప్పి చూసినాడు.
కోపం చేసుకోలేదు. అదే నన్ను కోసింది.
"మా కాడా ఇంతే మేడమ్.
పొద్దున ఫస్టు గ్రేడన్న కాయనే
మధ్యాన్నం ఇంకో మేస్త్రీ సెకండంటాడు.
కాయేం మారదు, చెయ్యి మారతాది."
కొంచేపాగి,
"ఇది కాయ గాదు గదా" అన్నాడు.

ఎస్తేరక్క చేతి గడియారం విప్పి
బల్ల మీద మా ఇద్దరి మధ్యా పెట్టింది.
"గౌను పైకెత్తు. నువ్వూ లెక్కబెట్టు, నేనూ.
నిమిషం నిండేదాకా నోరు తెరవొద్దు."

పాప ఏడుపు మానేసింది.
అది మంచికా చెడుకా అని
ఈ కొలువులో చేరినాక మొదటిసారి భయమేసింది.
డొక్కల కింద తోలు
లోపలికి, లోపలికి.
ముల్లు ఇంత నింపాదిగా తిరుగుతుందని
నాకెవరూ చెప్పలేదు.

"అరవై రెండు" అన్నా.
"అరవై ఒకటి" అంది అక్క.
మా ఇద్దరికీ కుదిరిన రంగు
ఇద్దరి చీటీల్లోనూ లేదు.

ఎర్ర చీటీ రాయనేలేదు,
అక్క పాపనెత్తుకొని ఆక్సిజన్ వైపు పరిగెత్తింది.
చెప్పులు ఒకటక్కడ, ఒకటిక్కడ.

తెల్లారుజామున పాప మూతలో నుంచే
పాలకు గునిసింది.
అక్క ఆ రెండు చీటీలూ రిజిస్టర్లో అంటించమంది,
కింద మా పేర్లు రాసి,
మంగళారం మీటింగులో అందరికీ చూపించేకి.

విడదీయబోతే రాలేదు.
మొగిలప్ప వేళ్ల సొనకు
పచ్చా పసుపూ కరుచుకుపోయినాయి.
అట్లనే అంటించినా.

వాకిట్లో మళ్లీ ఆటో ఆగింది.
ఎవరిదో దగ్గు, చిన్న గొంతు.
అక్క గడియారం ఇంకా బల్ల మీదనే ఉండాది.