కాశీబుగ్గలో ఫోను మార్పిడి

కూకో తవిటమ్మప్పా, ఫేను కిందకి జరుగు.
ఇది చిటికెలో అయ్యే పని కాదు.
రెండు ఫోన్లూ పక్కపక్కన పడుకోబెట్టాలి,
రెంటికీ ఛార్జింగుండాలి, రెంటికీ ఒకటే వైఫై.
మధ్యలో కరెంటు పోయిందా, మళ్ళీ మొదట్నుంచే.
నిన్న మందస కానిస్టేబుల్‌గారికి
మూడుసార్లు మొదలెట్టాను.

ముందే చెప్తన్నాను,
పాతది తుడిచీమని తొందరపెట్టకు.
పదిహేన్రోజులు బియ్యం డబ్బా పక్కన ఉండనీ.

నంబర్లన్నీ సిమ్ములో ఉన్నాయనుకున్నావు కదా, లేవు.
సగం సిమ్ములో, సగం ఫోన్లో,
ఓ మూడు ఎవరిదో జీమెయిల్లో.
మీ చిన్నగుంటడిదే అయ్యుంటాది.
పేర్లు చదివితే నవ్వొచ్చింది, ఏమనుకోకు:
పిక్కల లారీ, పిక్కల లారీ కొత్త,
గేసుబండ అబద్దాలోడు,
ఎత్తొద్దు, ఎత్తొద్దు రెండు.
అందరూ వస్తారు. ఎత్తొద్దు కూడా వస్తాడు.

రానివి చెప్తాను.
డబ్బులు పంపే యాప్ కొత్తగా పెట్టుకోవాలి,
బేంకు సిమ్ము ఇందులో ఉంటేనే మెసేజొస్తాది.
డబ్బులెట్టి కొన్న ఆట రాదు.
వెనక్కెళ్ళే బొత్తాం రాదు, అసలు దీనికి లేనే లేదు.
అంచు మీద వేలెట్టి లోపలికి లాగాల,
పప్పు మీద పొర తీసినట్టు.
అదిగో!
నాకు రెండ్రోజులు పట్టింది, నీకు ఒక్కసారికే.

వేలిముద్ర సంగతి జ్ఞాపకముందా?
ఆరేళ్ళ కిందట పాతది తెచ్చిన్నాడు
పది వేళ్ళూ పెట్టించాను.
పదిసార్లూ "మళ్ళీ ప్రయత్నించండి" అంది.
నేను అద్దం తుడిచాను, కంపెనీని తిట్టాను,
ఆఖరికి నీ చెయ్యి తిప్పి చూస్తే
బొటనవేలు మీద గీతల్లేవు.
పిక్క కొట్టినప్పుడల్లా చిమ్మిన జీడి
ఇరవయ్యేళ్ళుగా తినీసి
నున్నగా, ఏటిరాయిలా.
"రేషను మిషనుకీ నేనెవరో తెలీదు తమ్మీ"
అన్నావు,
గుండో బద్దో గ్రేడు చెప్పినంత మామూలుగా.

ఇది మొహం చూస్తాది.
తల తిప్పు. అటు. ఇప్పుడిటు.
చూశావా, తలుపు తీసింది.
ఫేక్టరీలో పొగకి గుడ్డ కట్టుకుంటావు కదా,
అప్పుడు మాత్రం గుర్తుపట్టకపోవచ్చు.
అందుకే ఆరంకెలు కూడా పెట్టుకో.
పెద్దగుంట పుట్టిన తేదీ వద్దు,
వీధంతటికీ తెలుసు.

టీ తాగు.
ఇంకా పద్నాలుగు నిమిషాలంటంది.
అరగంటైనా పద్నాలుగే అంటాది,
గేటు కాడ రైలు కోసం నిలబడ్డట్టే.
తెర మాత్రం ముట్టుకోకు.

అయిపోయింది. వచ్చీసినాయన్నీ.
ఫొటోలు, గొంతులు,
కూలి ఎగ్గొట్టిన మేస్త్రీకి నువ్వు పెట్టిన తిట్లు,
తేదీలతో సహా.

ఒక్కటి ముందు చెప్పలేదు.
ఆరేళ్ళూ నువ్వు ఆ పాతదానికి మాటలు నేర్పావు.
"ఎ" అని కొడితే
"ఎలిపోనాను" తయారుగా నిలబడేది.
"బే" అంటే "బేగి రా".
"తి" అంటే "తిన్నావేటి".
అవి రాలేదప్పా.
వాటిని మోసుకొచ్చే సంచి
నా దగ్గర లేదు.

ఇప్పుడు నువ్వు కొట్టిన మొదటి ముక్క,
"ఒలె రాజులూ, కొత్త ఫోను కొనీసినాను."
కింద ఎర్రగీత.
కొనేశాను అనాలేమోనని అడుగుతాంది.

"ఇదేటి తమ్మీ, ఎర్రగా?"

దానికి మన మాట తెలీదు.
తప్పనుకుంటంది.

కళ్ళద్దాలు పైకి తోసుకుని
ఆ నున్నటి వేలితోనే
"కొనీసినాను" మళ్ళీ కొట్టావు.
అది దిద్దింది.
నువ్వు చెరిపి, అదే మళ్ళీ కొట్టావు.
మూడోసారికి కూడా గీత పోలేదు.
గీతతోనే పంపించీసినావు.

రాజులు నవ్వుబొమ్మ పెట్టింది.
కింద "బాగుందేటి" అని.

సరే, వాయిదా శనివారం, కూలి పడ్డాక తే.
ఇదిగో పాతది, సంచిలో పెట్టుకో.
దాని ఛార్జరు మాత్రం
దీనికి పట్టదు.