తొమ్మిదివందల ఎనభై ఏడు

రేడియోలో అంకెలు చదివిన పూట
మేమిద్దరం ఉప్పు కోస్తున్నాం.
గొడ్డలి దెబ్బకీ దెబ్బకీ నడుమ
ఎక్కడో రాజధానిలో
లాటరీ గోళీలు దొర్లుతున్న చప్పుడు.
గుర్తింపు కార్డు చివరి మూడంకెలకి
ఒక్కో గోళీ.

నాకు నలభై ఒకటి పడింది. ఇంటికి పొమ్మని.
ఫెర్మీన్‌కి తొమ్మిదివందల ఎనభై ఏడు.
పెద్ద అంకెలన్నీ నౌకాదళానికి.
"గెలిచానురా" అన్నాడు,
మొహానికి చుట్టుకున్న ఉన్నిగుడ్డ వెనక నవ్వుతూ.
అంత పెద్ద అంకె వాళ్ళింట్లో
ఎవరికీ ఎన్నడూ దక్కలేదు మరి.

సముద్రానికి మూడున్నర వేల మీటర్ల పైన
హుహుయ్ మెట్టనేల మాది.
మునగడానికి చాలినన్ని నీళ్ళు
మేమెవరం చూసి ఎరగం.
ఉప్పంటారా,
చూపు ఆనినంత మేరా ఉప్పే.
ఆ తెలుపుకి మా నాన్నల కళ్ళు
నలభై దాటకుండానే పోయాయి.

ఒక్కటే ఉత్తరం రాశాడు.
"సముద్రమంటే ఏం లేదు,
ఇంకా ఎండని మన ఉప్పుచేను.
నన్ను బాయిలరు గదిలో వేశారు.
పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు
నా పాదాలు వెచ్చగా ఉండటం."
అడుగున ఒక వాక్యం రాసి కొట్టేశాడు.
దీపానికి అడ్డంపెట్టి చదివాను.
అది చెప్పను.

మూడు నెలలైనా నడవలేదు ఆ యుద్ధం.
తెల్ల తొడుగుల ఆఫీసరొకడు వచ్చాడు,
మా ఎత్తుకి ఊపిరందక
ఉప్పు ఇటుకల గోడకి చేరగిలబడి
ముక్కలు ముక్కలుగా చెప్పాడు:
టార్పెడో. రాత్రి. మంచునీళ్ళు.
దొన్యా విసెంతా అంతా విని
ఒక్కటే అడిగింది:
"అక్కడి నీళ్ళు ఉప్పనేనా బాబూ?"
అవునమ్మా అన్నాడు.
"అయితే చెడిపోడు."

లామా మాంసానికి ఉప్పు పట్టించి
ఏళ్ళ తరబడి ఎండబెట్టిన చేతులవి.
తెలిసే అంది.

"దేశం ఉప్పు తిన్నాడు,
రుణం తీర్చుకున్నాడు"
పోతూ పోతూ అన్నాడు ఆఫీసరు.
ఆ రోజు నోరు పెగల్లేదు.
నలభై ఏళ్ళు పోయాక ఇప్పుడంటున్నాను.
అయ్యా, దేశం ఉప్పు మేం తినలేదు.
దేశమే మా ఉప్పు తింది.
మీ పళ్ళెం అంచున మీరు వేసుకున్న చిటికెడు
పదకొండో ఏట నుంచీ
పగిలిన వేళ్ళతో వాడు కోసిందే.
ఎవరి రుణం ఎవరు తీర్చారో
లెక్క మీరే చూసుకోండి.

నవంబరులో మా చనిపోయినవాళ్ళకి రొట్టెలు కాలుస్తాం.
ఎక్కడానికి నిచ్చెన, మొయ్యడానికి లామా.
ఫెర్మీన్‌కి ఓడ చెయ్యాలంది వాళ్ళమ్మ.
ఓడ ఎలా ఉంటుందో ఆవిడకి తెలీదు.
అగ్గిపెట్టె మీది బొమ్మ చూపించాను.
తెరచాప ఓడ అది,
వాడెక్కింది ఇనుపది,
ఆ మాట చెప్పలేదు.
పొయ్యిలో తెరచాప పొంగి
ఓడ ఒక పక్కకి ఒరిగిపోయింది.
సరిచెయ్యబోతే నా మణికట్టు పట్టుకుంది.
"ఉండనీ. అలాగే ఒరిగుంటుంది."

మూడేళ్ళకి ఆత్మని సాగనంపాలి, అది రివాజు.
"ఇంకా ఇంటికి రానివాణ్ణి
ఎక్కడికని పంపను?" అంటూ
పోయేదాకా పంపలేదు ఆవిడ.
ఇప్పుడు ఆ రొట్టె నేను కాలుస్తున్నాను.
నా చేతిలో కూడా
ఎడమకే ఒరుగుతుంది.

ఇవాళ కొత్త మడి తవ్వాను.
రెండు మూరలు దిగేసరికి నీళ్ళు ఊరాయి,
పచ్చా కాదు నీలమూ కాదు.
టూరిస్టుల పిల్లవాడొకడు
అట్టపడవ వదిలాడు అందులో.
తల్లి కేకేస్తే
అది మరిచిపోయి పరిగెత్తాడు.

వాడు పందొమ్మిది దగ్గరే ఆగాడు.
నలభై ఒకటిని పట్టుకుని
నేను అరవై దాటాను.
మధ్యాహ్నం గాలి లేచింది.
మొహానికి గుడ్డ బిగించుకుని
పడవ తడిసి అడుగుకి చేరిందాకా
గొడ్డలి ఎత్తకుండా నిలబడ్డాను.